వాగు పొంగిన రోజు అందరి చేతిలో ఒకే సెట్

అనంతగిరి గుట్టల మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పుకు జారిన నీళ్లు మూసీ అవుతాయి. గండిపేట చెరువు నింపి హైదరాబాదు నడుమనుంచి సాగిపోతాయి. పడమటికి జారినవి కాగ్నాలో కలిసి, తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి వెళ్లి భీమా నదిని చేరతాయి. మూసీ సంగతి అందరికీ తెలుసు. 1908 సెప్టెంబరు 28న అది హైదరాబాదును ముంచింది, వేలమందిని పొట్టన పెట్టుకుంది, ఆ దెబ్బతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. కాగ్నా గురించి పుస్తకాల్లో అంత కనిపించదు. అది వానాకాలంలో ఎలా ఉంటుందో తెలియాలంటే వికారాబాద్ జిల్లా యాలాల, బషీరాబాద్, పెద్దేముల్ మండలాల్లో ఏ రైతునైనా అడగాలి.

ఈ ప్రాంతంలో వాన గట్టిగా పట్టిన రోజు జరిగేది దాదాపు ఒకటే వరస. వాగు కల్వర్టు మీదికి ఎక్కుతుంది. దారి తెగుతుంది. కరెంటు పోతుంది. కరెంటు పోయిన కొన్ని గంటలకు సెల్ టవర్ దగ్గరి బ్యాటరీలు అయిపోతాయి. జనరేటర్‌కు డీజిల్ తేవాల్సిన బండి ఆ తెగిన దారికి అవతలే నిలబడిపోతుంది. ఒకవేళ టవర్ బతికే ఉన్నా, ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంటే లైన్ దొరకదు. సరిగ్గా ఆ గంటలోనే ఎవరో ఒకరు వాగు దాటబోతారు. 2021 ఆగస్టులో మర్పల్లి మండలంలో పెళ్లివారి కారును వాగు ఈడ్చుకుపోయింది. ఆ వార్త విన్నవాళ్లెవరూ మరిచిపోలేరు.

ఆ గంటలో మాట ఎలా నడుస్తుంది, ఎవరు ఎవరికి చెబుతారు, చెప్పింది ఎవరికి వినిపిస్తుంది అన్నదే ఈ రోజు నా విషయం. సూటిగా చెబుతాను. ఒక్కో శాఖ తన కోసం తాను వాకీటాకీలు కొనుక్కోవడం వల్ల ఆపద రోజున పని జరగదు. వికారాబాద్‌లో కొన్ని, తాండూరులో కొన్ని, ఏ శాఖవీ కాకుండా అందరివీ అయిన సెట్లు సిద్ధంగా ఉండాలి. వాటి చానల్ ఒకటే కావాలి. వాటిని వాడటం అందరికీ రావాలి.

ఎందుకంటే ఆపద దగ్గరికి వచ్చేవాళ్లు ఒక్క శాఖవాళ్లు కారు. వాగులో మనిషి చిక్కుకున్నాడంటే ముందు ఊరివాళ్లు తాళ్లు పట్టుకుని వస్తారు. తర్వాత పంచాయతీ కార్యదర్శి, పోలీసు, తహసీల్దారు. ఫైరింజను వస్తుంది, 108 వస్తుంది. తీగ తెగి నీళ్లలో పడితే కరెంటు లైన్‌మన్ రావాలి. చెరువు కట్ట అయితే ఇరిగేషన్ వాళ్లు, రైలు పట్టాల దగ్గరైతే రైల్వే వాళ్లు. తాండూరు చుట్టుపక్కలైతే సిమెంటు ఫ్యాక్టరీల నుంచి, నాపరాతి గనుల నుంచి జేసీబీలు, క్రేన్లు వస్తాయి. పరిస్థితి చేయి దాటితే రాష్ట్ర విపత్తు స్పందన దళం, ఆ పైన విజయవాడ దగ్గర ఉండే ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్. వీళ్లలో పోలీసుల దగ్గర సెట్లుంటాయి, ఫైర్ వాళ్ల దగ్గరుంటాయి, రైల్వేకు తనవి తనకున్నాయి, పెద్ద ఫ్యాక్టరీలకూ ఉంటాయి. తహసీల్దారుకు, లైన్‌మన్‌కు, అంబులెన్స్ నడిపే అతనికి ఫోనే దిక్కు. ఉన్నవాళ్ల సెట్లు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడవు.

2025 నవంబరు 3, సోమవారం ఉదయం సంగతి తలుచుకోవాలంటేనే బాధగా ఉంటుంది. తాండూరు నుంచి హైదరాబాదు బయలుదేరిన ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర మొత్తం బస్సు లోపలికి ఒరిగిపోయి ప్రయాణికుల మీద పడింది. పంతొమ్మిది మంది చనిపోయారు. శని, ఆదివారాలు ఇంట్లో గడిపి కాలేజీలకు తిరిగి వెళుతున్న పిల్లలున్నారు అందులో. బస్సు బయలుదేరింది వికారాబాద్ జిల్లాలో, ప్రమాదం జరిగింది రంగారెడ్డి జిల్లాలో. కంకర తొలగించడానికి జేసీబీలు రావాలి, ట్రాఫిక్ ఆపడానికి పోలీసులు కావాలి, గాయపడిన వాళ్లను ఏ ఆసుపత్రికి పంపాలో అంబులెన్సులకు ఎవరో చెప్పాలి, తాండూరులో ఇళ్ల దగ్గర గుండెలు అరచేతిలో పెట్టుకుని ఉన్నవాళ్లకు కబురందాలి. రెండు జిల్లాలు, అరడజను శాఖలు, ఒకే రోడ్డు. ఇలాంటి చోట అందరి చెవిలో ఒకే మాట పడేలా ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

అదే ఏడాది ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సాగునీటి సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. సైన్యం వచ్చింది, నౌకాదళం వచ్చింది, ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది, సింగరేణి రెస్క్యూ జట్టు వచ్చింది, ఉత్తరాది నుంచి ఇరుకు సొరంగాలను చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు వచ్చారు. ఒక్కొక్కరిదీ ఒక్కో శిక్షణ, ఒక్కో అలవాటు, ఒక్కో యాస. సొరంగం లోపల పదమూడు కిలోమీటర్ల దూరాన సెల్‌ఫోన్ అన్నది చేతిలో బరువు తప్ప మరేమీ కాదు.

సెట్లు ఎందుకు మాట్లాడుకోవు అన్నది చాలామందికి అర్థం కాని సంగతి. పోలీసు చేతిలోదీ, ఫైర్‌మన్ చేతిలోదీ, రైల్వే గార్డు చేతిలోదీ చూడటానికి ఒకేలా ఉంటాయి. నల్లటి డబ్బా, పైన పొట్టి యాంటెన్నా, దాని పక్కన రెండు గుండ్రటి మీటలు. ఒకటి తిప్పితే ఆన్ అయి శబ్దం పెరుగుతుంది, రెండోది తిప్పితే చానల్ మారుతుంది. ఎడమవైపు పక్కన బొటనవేలికి అందేలా పెద్ద బటన్. అది నొక్కితే మనం మాట్లాడతాం, వదిలితే వింటాం. ఇంతవరకూ అన్నీ ఒకటే. తేడా లోపల ఉంటుంది. ఒక శాఖకు నూటయాభై, నూటడెబ్బై మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ ఇచ్చి ఉంటారు, ఇంకో శాఖకు నాలుగువందల పైన. ఫ్రీక్వెన్సీ దగ్గరదైనా, మాటతోపాటు చెవికి వినపడని ఒక సన్నటి స్వరం కలిపి పంపేలా అమర్చుకుని ఉంటారు. ఆ స్వరం లేని సెట్ నుంచి వచ్చే మాటకు అవతలి సెట్ నోరు తెరవదు. ఒకరిది పాత అనలాగ్, ఒకరిది కొత్త డిజిటల్ అయితే ఇక వినపడేది బర్రుమనే మోతే. కొన్నింటికి ఎవరూ వినకుండా తాళం కూడా వేసి ఉంటారు. పోలీసులకు ఆ తాళం అవసరమే, దాన్ని తప్పుపట్టను. కానీ వాగు ఒడ్డున నిలబడి తాడు వదలమని చెప్పే మాటకు తాళం ఎందుకు?

సెట్‌కూ ఫోన్‌కూ ఇంకో పెద్ద తేడా ఉంది. ఫోన్‌లో చెప్పిన మాట ఒక్కరికే. పది మందికి చెప్పాలంటే పది ఫోన్లు. ఈలోపు మొదటి మనిషికి చెప్పిన సంగతి మారిపోతుంది. సెట్‌లో ఒక్కసారి బటన్ నొక్కి "కాగ్నా వంతెన దగ్గర నీళ్లు రెయిలింగ్ తాకాయి, ఈ దారిన ఎవర్నీ పంపొద్దు" అంటే ఆ చానల్ మీద ఉన్న ప్రతివాడూ అదే క్షణంలో వింటాడు. అడగని వాడు కూడా వింటాడు. నా దృష్టిలో ఆపదలో అసలు విలువ దానిదే. తనను ఉద్దేశించి చెప్పకపోయినా తనకు పనికొచ్చే మాట ఒకటి చెవిన పడటం వల్ల ప్రాణాలు నిలుస్తాయి.

అది జరగనందువల్ల ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట టవర్లు కూలిన రోజున 343 మంది ఫైర్ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మొదట దక్షిణ టవర్ కూలింది. పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ల నుంచి ఉత్తర టవర్ పరిస్థితి గురించి హెచ్చరికలు వచ్చాయి. అవి పోలీసుల సెట్లలో వినిపించాయి. ఆ టవర్ లోపల ఉన్న ఫైర్ సిబ్బంది సెట్లు వేరు, చానళ్లు వేరు. ఆ తర్వాత విచారణ సంఘం 2004లో ఇచ్చిన నివేదికలో ఇంకో సంగతి ఉంది, నన్ను ఎప్పుడూ వెంటాడేది. ఆ దాడికి ఎనిమిదేళ్ల ముందు, 1993లో అదే భవనంలో బాంబు పేలినప్పుడు సెట్లు సరిగా పనిచేయలేదని, ఆ తర్వాత ప్రత్యేకంగా ఒక రిపీటర్ పెట్టారు. ఎత్తయిన అంతస్తుల్లోకి మాట మోసుకుపోయే యంత్రం అది. ఆ రోజు దాన్ని ఆన్ చేశారు. కానీ దానికి రెండు బటన్లు నొక్కాలి. రెండోది ఎవరూ నొక్కలేదు. పరీక్షించి చూసిన అధికారులకు మాట వినపడలేదు, ఇది పనిచేయడం లేదనుకుని వదిలేశారు. యంత్రం బాగానే ఉంది. డబ్బు ఖర్చుపెట్టారు, గోడకు బిగించారు. దాన్ని చేత్తో పట్టుకుని అలవాటు పడటం ఒక్కటే జరగలేదు.

అమెరికాలోనే మరో చోట దీనికి మంచి జవాబు కూడా ఉంది. ఇడాహో రాష్ట్రంలోని బోయిసీ పట్టణంలో అడవి మంటలతో పోరాడేవాళ్ల కోసం దేశం మొత్తానికి కలిపి ఒక సెట్ల నిల్వ నడుపుతున్నారు. వేల సంఖ్యలో సెట్లు, రిపీటర్లు, యాంటెన్నాలు పెట్టెల్లో కట్టి ఉంటాయి. ఎక్కడ మంట పెద్దదైతే అక్కడికి పెట్టెలు వెళతాయి. పది సంస్థల నుంచి వచ్చిన జట్లకు ఒకే రకం సెట్లు ఇస్తారు. మంట ఆరాక సెట్లు తిరిగి వస్తాయి, తుడిచి, పరీక్షించి, మళ్లీ పెట్టెల్లో సర్దుతారు. అక్కడ వాడే సెట్లలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. వాటికి మామూలు పెన్సిల్ సెల్స్ పట్టే గూడు కూడా ఉంటుంది. చార్జింగ్ అయిపోతే కరెంటు కోసం వెతుక్కోనక్కర్లేదు, దుకాణంలో సెల్స్ కొని వేసుకోవచ్చు. మన ధారూర్‌లోనో పెద్దేముల్‌లోనో కరెంటు లేని రాత్రి ఏ కిరాణా కొట్టు తలుపు తట్టినా పెన్సిల్ సెల్స్ దొరుకుతాయి. లక్షలు పోసి కొనే వస్తువును ఎంచుకునేటప్పుడు ఇలాంటి సంగతి ముందు చూడాలి.

మరి మన దగ్గర ఆ నిల్వ ఎలా ఉండాలి? నా లెక్కలో నలభై చేతి సెట్లతో మొదలుపెట్టొచ్చు. సగం వికారాబాద్‌లో, సగం తాండూరులో. రెండు చోట్లా ఎందుకంటే, వాగులు పొంగిన రోజు వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య దారి ఉంటుందన్న భరోసా లేదు. సామాను అంతా జిల్లా కేంద్రంలో పెట్టి తాండూరుకు పంపిద్దామనుకుంటే అది ధారూర్ దగ్గరే ఆగిపోవచ్చు. ప్రతి సెట్‌కు ఒక అదనపు బ్యాటరీ. ఒకేసారి ఆరేడు సెట్లు చార్జ్ అయ్యే చార్జర్లు. జీపుకు బిగించే ఎక్కువ శక్తి సెట్లు రెండు. మోసుకెళ్లగలిగే రిపీటర్ ఒకటి, దాన్ని నిలబెట్టడానికి విప్పి మడిచే స్తంభం, నడపడానికి ఒక చిన్న జనరేటర్ లేదా సోలార్ పలక. వానలో తడవని సంచులు. ప్రతి సెట్ మీద పెద్ద అంకె, దాని కింద తెలుగులో "ఆపద చానల్ ఒకటి" అన్న చీటీ.

రిపీటర్ గురించి ఒక మాట. చేతి సెట్ శక్తి ఐదు వాట్ల లోపే ఉంటుంది. దాని తరంగం చూపు పోయినంత దూరమే పోతుంది. మైదానంలో నిలబడి మాట్లాడితే కొన్ని కిలోమీటర్లు, మధ్యలో గుట్ట వస్తే అంతే సంగతులు. వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ గుట్టలు, అడవి. అందుకే ఇక్కడ చాలామంది మాకు సిగ్నల్ రాదని చేతులెత్తేస్తారు. కానీ అడ్డొస్తున్న ఆ గుట్ట నెత్తినే రిపీటర్ పెడితే అది రెండు వైపులా చూస్తుంది. కింద లోయలో నుంచి వచ్చిన సన్నటి మాటను పట్టుకుని, బలం పెంచి, అవతలి వైపుకు మళ్లీ పలుకుతుంది. ఎక్కడ పెడితే కోటిపల్లి వైపు వినిపిస్తుంది, ఎక్కడ పెడితే కుల్కచర్ల లోపలి ఊళ్లకు అందుతుంది అన్నది కాగితం మీద తేలేది కాదు. ఎండాకాలంలో ఒకరోజు సెట్లు పట్టుకుని ఊరూరా తిరిగి, ఇక్కడ వినపడింది, ఇక్కడ వినపడలేదని మ్యాప్ మీద గుర్తు పెట్టుకోవాలి. వాగు పొంగాక చేసే పని కాదది.

ఇక సామాను కొనడం కన్నా కష్టమైన సంగతులకు వస్తాను. మొదటిది తాళంచెవి. ప్రభుత్వ స్టోర్ గదికి ఒక తాళం ఉంటుంది, ఆ తాళంచెవి ఒకరి దగ్గరుంటుంది, ఆపద అర్ధరాత్రి వస్తుంది. ఆ మనిషి సెలవులో ఉంటే? అందుకే ఈ పెట్టెలు ఇరవైనాలుగు గంటలూ మనిషి మెలకువగా ఉండే చోట పెట్టాలి. ఫైర్ స్టేషన్ అయితే బాగుంటుందని నా అభిప్రాయం. రెండు ఊళ్లలోనూ ఫైర్ స్టేషన్లున్నాయి, అక్కడ రాత్రి డ్యూటీ ఉంటుంది, సామాను కండిషన్‌లో ఉంచడం వాళ్లకు వృత్తిలో భాగం.

రెండోది దీనికన్నా గట్టి చిక్కు. స్టాక్ రిజిస్టర్‌లో తన పేరు మీద ఉన్న వస్తువును ఇంకో శాఖ మనిషి చేతికి ఇవ్వాలంటే ఏ ఉద్యోగికైనా భయమే. పోతే రికవరీ పెడతారు, జీతంలో కోస్తారు. ఆ భయంతోనే మంచి సామాను పెట్టెల్లో ఉండిపోయి పాడైపోతుంది. ఆ ఉద్యోగిని నిందించి లాభం లేదు, నిబంధనే అతన్ని అలా చేస్తోంది. కాబట్టి అందరి సెట్లకు వేరే నిబంధన రాయాలి. ఆపద పనిలో నీళ్లలో పడిపోయినా, పగిలిపోయినా, ఎవరి జీతంలోనూ కోయరని జిల్లా కలెక్టర్ సంతకంతో ఒక కాగితం ఉండాలి. ఇచ్చినప్పుడు సెట్ అంకె, తీసుకున్న వాళ్ల పేరు, శాఖ, టైము రాసుకోవాలి, తిరిగి వచ్చినప్పుడు టిక్కు పెట్టాలి. అంతే చాలు. ఈ ఒక్క కాగితం లేకపోతే నలభై కాదు, నాలుగువందల సెట్లు కొన్నా వాగు ఒడ్డుకు ఒక్కటీ చేరదు.

చట్టం అడ్డొస్తుందా అంటే రాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఉంది. కలెక్టర్ దానికి అధ్యక్షులు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ సహాధ్యక్షులు, ఎస్పీ సభ్యులు. సెట్లు ఏ శాఖ పేరు మీదా కాకుండా ఆ సంస్థ పేరు మీద ఉండాలి. ఫ్రీక్వెన్సీకి కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం దగ్గర అనుమతి తీసుకోవాలి. ఎవరికి వారు ఆన్‌లైన్‌లో చవక వాకీటాకీలు కొని వాడేయడం మాత్రం కుదరదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే చిన్న సెట్లకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. జాతరలో వాలంటీర్లకు, ఒక భవనం ఆవరణకు అవి సరిపోతాయి. వాటిని మించినవి అనుమతి లేకుండా అమ్మడం ఎక్కువైందనే 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులకు మార్గదర్శకాలు ఇచ్చింది. అది మంచి పని. అనుమతి లేని సెట్ ఒకటి పోలీసు చానల్‌లోనో రైల్వే చానల్‌లోనో దూరితే జరిగే నష్టం చిన్నది కాదు.

వికారాబాద్ ప్రాంతానికి రేడియో కొత్తది కాదన్న సంగతి ఇక్కడ చెప్పాలి. రైళ్లు ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థకు ప్రయాణికుల రైళ్ల మీద తొలి పరీక్షలు 2016లో జరిగింది లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలోనే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజనెక్కి చూశారు. డ్రైవర్ బ్రేకు వేయకుండానే, ముందున్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో ఆ ఇంజను తనంతట తాను ఆగిపోయింది. ఇంజనుకూ స్టేషనుకూ మధ్య ఆ కబురు నడిచింది రేడియో మీదే. ఇక పూడూరు మండలం దామగుండంలో జలాంతర్గాములకు కబుర్లు పంపడానికి నౌకాదళం పెడుతున్న వీఎల్ఎఫ్ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో ఉన్నదాని తర్వాత దేశంలో ఇది రెండోది. అడవి గురించి, మూసీ పుట్టుక గురించి ఆందోళన పడినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ ఆందోళన న్యాయమైనదే. నేను ఇక్కడ చెప్పేది వేరు. సముద్రపు నీటి లోపల ఉన్న జలాంతర్గామికి మాట పంపే కేంద్రాన్ని దామగుండంలో కట్టుకుంటున్న దేశం మనది. అదే జిల్లాలో బషీరాబాద్ వాగు ఇవతలి ఒడ్డున ఉన్న ఫైర్‌మన్ మాట అవతలి ఒడ్డున ఉన్న లైన్‌మన్‌కు అందించలేమా?

మనుషుల సంగతికి వస్తే, ఈ విద్య వచ్చినవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. అమెచ్యూర్ రేడియో, అంటే హామ్ రేడియో వాళ్లు. వీళ్ల కోసం నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ 1983లో హైదరాబాదులో మొదలైంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు ఒక బృందాన్ని తీసుకుని అండమాన్ వెళ్లారు. ఆ దీవుల నుంచి హామ్ రేడియో ప్రసారాలు ఆగిపోయి ఏళ్లు గడిచాయి. ప్రపంచమంతటి హామ్‌లతో అక్కడినుంచి మాట్లాడటం వాళ్ల ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ బృందం సెట్లు మాత్రం పనిచేస్తున్నాయి. సరదాకు తెచ్చిన యాంటెన్నాలే ఆ దీవులకూ దేశానికీ మధ్య మాట దారి అయ్యాయి. మా వాళ్లు ఉన్నారా, ఫలానా ఆయన క్షేమమేనా అని అడిగినవాళ్లకు కబుర్లు అందించడంలో ఆమె, ఆమె తోటివాళ్లు పగలూ రాత్రీ కూర్చున్నారు. ఒక మహిళ ముందుండి నడిపిన ఆ పని మన పాఠ్యపుస్తకాల్లో ఉండదగ్గది.

హామ్‌లకు తమ ఫ్రీక్వెన్సీలు తమకున్నాయి. వాళ్ల సెట్లు తెచ్చి అందరి చేతికీ ఇవ్వడం నియమాల ప్రకారం కుదరదు. వాళ్ల నుంచి మనకు కావలసింది నేర్పు. రిపీటర్ ఎక్కడ నిలబెట్టాలి, వెదురు కర్రకు తీగ కట్టి యాంటెన్నా ఎలా చేయాలి, తక్కువ మాటల్లో ఎలా చెప్పాలి అన్నవి వాళ్లకు అలవాటైన పనులు. వికారాబాద్, తాండూరు కాలేజీల్లో ఇలాంటి ఆసక్తి ఉన్న పిల్లలు తప్పకుండా ఉంటారు. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా ఆ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు.

సెట్‌లో మాట్లాడటం కూడా నేర్చుకోవాల్సిన పనే. కొత్తవాళ్లు బటన్ నొక్కుతూనే మాట మొదలుపెడతారు, మొదటి అక్షరాలు పోతాయి. "వాగు దాటొద్దు" అన్నదాంట్లో చివర బటన్ ముందే వదిలేస్తే "వాగు దాటొ" వరకే వెళుతుంది, విన్నవాడు ఏమనుకోవాలి? నొక్కి, ఒక్క క్షణం ఆగి, మాట్లాడి, పూర్తయ్యాక వదలాలి. నోటికి నాలుగు వేళ్ల దూరంలో సెట్ పట్టుకోవాలి. అరవకూడదు, అరిస్తే మాట పగిలిపోతుంది. ఎవరిని పిలుస్తున్నామో ముందు, మనమెవరో తర్వాత. ప్రతి శాఖకూ తన కోడ్ మాటలుంటాయి. అందరి చానల్ మీద అవి పనికిరావు, ఊరి పేరు, వాగు పేరు, కనిపించే గుర్తు చెప్పాలి. తాండూరు పక్కన తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ కలిసి నడుస్తాయి. అది లోటు కాదు, బలం. ఆ చానల్ దగ్గర కూర్చునే మనిషికి మూడూ అర్థమైతే చాలు.

కన్నడ మాట వచ్చింది కాబట్టి సరిహద్దు సంగతి కూడా. తాండూరుకు పడమట సేడం, చించోళి ఎంతో దూరం లేవు. కాగ్నా నీళ్లు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగవు. ఇక్కడ పొంగిన సంగతి అక్కడి వాళ్లకు గంటల ముందే తెలియాలి. నలభై సెట్లలో రెండు అటువైపు అధికారుల చేతికి ఇచ్చేలా కలబురగి జిల్లాతో ఒప్పందం చేసుకుంటే చాలా మేలు. ఇది చిన్న పని. రెండు కలెక్టరేట్లు తలుచుకుంటే ఒక ఉత్తరంతో మొదలవుతుంది.

నెలకోసారి కసరత్తు జరగాలి. ఒకటో తారీఖున ఉదయం పది గంటలకు వికారాబాద్ నుంచి ఒకరు పిలవాలి, తాండూరు, పరిగి, కొడంగల్, మర్పల్లి నుంచి జవాబు రావాలి. రానిచోట ఎందుకు రాలేదో ఆ రోజే చూడాలి. బ్యాటరీలు నిండా చార్జ్ చేసి నెలల తరబడి పడేస్తే వాటి ఆయుష్షు తగ్గుతుంది, అసలు చార్జ్ చేయకపోతే చచ్చిపోతాయి. ఈ నెలవారీ పిలుపు వల్ల అవి కూడా సజీవంగా ఉంటాయి. వానాకాలానికి ముందు ఒకసారి, అన్ని శాఖలూ కలిసి, కాగ్నా ఒడ్డున నిజంగానే తాళ్లు, పడవలు, అంబులెన్స్ పెట్టుకుని ఈ సెట్ల మీదే మాట్లాడుతూ పని చేసి చూడాలి. న్యూయార్క్‌లో నొక్కకుండా వదిలేసిన ఆ రెండో బటన్ లాంటిది మన దగ్గర ఎక్కడుందో అప్పుడే బయటపడుతుంది.

ఈ మాటలు వింటున్నవారిలో జిల్లా అధికారులుంటే నా విన్నపం ఒకటే. వచ్చే విపత్తు నిర్వహణ సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టండి. సెట్ల టెండరు తర్వాత పిలవొచ్చు. రికవరీ ఉండదన్న ఆ ఒక్క కాగితం మీద ముందు సంతకం చేయండి. వికారాబాద్, తాండూరు యువతీ యువకులకు కూడా ఒక మాట. విపత్తు వాలంటీర్లకు ఇచ్చే ఆపద మిత్ర శిక్షణ ఎప్పుడు జరుగుతుందో కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోండి, అక్కడికి వెళ్లినప్పుడు తాడు కట్టడం, ఈత కొట్టడంతోపాటు సెట్ పట్టుకుని మాట్లాడటం కూడా నేర్పమని పట్టుబట్టండి. నైరుతి రుతుపవనాలు మన జిల్లాకు మామూలుగా జూన్‌లో వస్తాయి. అప్పటికి ఈ పెట్టెలు రెండు ఊళ్లలోనూ ఉండాలి.